కౌంటర్ వెనక మనిషికో విమానం టికెట్

ఏటా ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో ప్రపంచం నలుమూలల ఫార్మసిస్టులు ఒక ఊళ్లో కలుస్తారు. 2022లో స్పెయిన్‌లోని సెవిల్‌లో కలిశారు. మరుసటేడు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్, 2024లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్, 2025లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్. ఈ సదస్సు నడిపేది అంతర్జాతీయ ఫార్మాస్యూటికల్ సమాఖ్య, పొట్టిగా ఎఫ్ఐపీ. 1912 సెప్టెంబరు 25న నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో మొదలైంది. ఫార్మసీ కాలేజీల్లో సెప్టెంబరు 25న ర్యాలీలు తీసి, ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం అని బ్యానర్లు కట్టేది ఆ పుట్టినరోజునే. 2009లో ఇస్తాంబుల్‌లో జరిగిన సదస్సులో ఆ తేదీని ఖాయం చేశారు.

ఒకసారి ఈ సదస్సు మన గుమ్మంలోకే వచ్చింది. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ దానికి వేదికైంది. నాణ్యత, భద్రత విషయంలో రాజీపడితే ఎంత ప్రమాదమన్నది ఆ ఏటి ప్రధానాంశం. మందుల తయారీకి పేరుమోసిన నగరంలో ఆ మాట చర్చకు రావడం బాగుంది. కానీ ఆ ఒక్క ఏడాదీ పోతే, మిగతా అన్నిసార్లూ విమానం ఎక్కాల్సిందే.

మరి ఎక్కేదెవరు? శంషాబాద్ విమానాశ్రయంలో పోస్టరు గొట్టం భుజాన వేసుకుని క్యూలో నిలబడేవాళ్లలో ప్రొఫెసర్లుంటారు. పీహెచ్‌డీ చేసే పిల్లలుంటారు. కంపెనీల పరిశోధన విభాగాల వాళ్లుంటారు. పొద్దున తొమ్మిదికి షట్టరు తీసి, రాత్రి పది దాకా చీటీలు చదువుతూ నిలబడే మెడికల్ షాపు ఫార్మసిస్టు మాత్రం అరుదు. సర్కారు ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర వందల మందికి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే ఫార్మసీ ఆఫీసరు ఇంకా అరుదు. నిజానికి అక్కడికి వెళ్లి చూడాల్సింది మొట్టమొదట వీళ్లే. అక్కడ మాట్లాడేది వీళ్ల పని గురించి. వీళ్లు నేర్చుకున్నది మర్నాడే రోగికి అందుతుంది.

ఒక ప్రసంగ యాత్ర తెచ్చిన మందు

కోపెన్‌హేగన్ అంటే ఒక ప్రయాణం కథ చెప్పుకోవాలి. ఆ ఊళ్లో ఆగస్ట్ క్రో అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1920లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. 1922లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ఉపన్యాసాలకు పిలిస్తే భార్యతో కలిసి ఓడెక్కాడు. ఆమె పేరు మేరీ. ఆమె స్వయంగా డాక్టరు, అప్పటికే మధుమేహ రోగి కూడా. కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసి అప్పటికి ఏడాది దాటింది. ఇంత దూరం వచ్చాం, టొరంటో కూడా వెళ్లి చూసి రావాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. క్రో ఉత్తరం రాశాడు, నవంబరులో వెళ్లాడు, స్కాండినేవియా దేశాల్లో ఇన్సులిన్ తయారుచేసుకునే అనుమతి చేతబట్టుకుని డిసెంబరులో ఇల్లు చేరాడు.

తర్వాత జరిగింది వింటే, ప్రయాణం నుంచి తిరిగొచ్చాక ఎలా ఉండాలో తెలుస్తుంది. మేరీకి వైద్యం చేస్తున్న డాక్టరు హాన్స్ క్రిస్టియన్ హేగ్‌డార్న్‌తో కలిసి క్రో వెంటనే పనిలోకి దిగాడు. క్రిస్మస్ లోపలే పశువుల క్లోమగ్రంథి నుంచి కొద్దిపాటి ఇన్సులిన్ తీశారు. 1923లో రోగులకు ఇవ్వడం మొదలైంది. డబ్బు పెట్టింది ఆగస్ట్ కాంగ్‌స్టెడ్ అనే ఫార్మసిస్టు. ‘లియో’ కంపెనీ ఆయనది. 1620 నాటి ఒక పాత మందుల దుకాణాన్ని కొని, దాంట్లోంచి కంపెనీని పెంచినవాడు. ఆ ప్రయత్నంలోంచి పుట్టిన నార్డిస్క్ ప్రయోగశాల, దాని పోటీదారు నోవో 1989లో కలిసిపోయాయి. నేటి నోవో నార్డిస్క్ అదే. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపులో పెట్టుకునే 30/70 ఇన్సులిన్‌లో డెబ్బై పాళ్లు ఉండేది హేగ్‌డార్న్ ప్రయోగశాలలో పుట్టిన రకమే. ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్లిన మనిషి, ఆ ఉపన్యాసంతో సంబంధం లేని చోటికి పక్కదారి పట్టి వెళ్లడం వల్ల వచ్చిన ఫలితమిది.

సదస్సుకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. హాలులో జరిగేది ముఖ్యమే. కానీ ఒక పూట అక్కణ్నుంచి బయటపడి ఆ ఊరి మందుల షాపులో కాసేపు నిలబడండి.

గాలి పీల్చడం నేర్పే పది నిమిషాలు

కోపెన్‌హేగన్ సదస్సు జరిగింది బెల్లా సెంటర్‌లో. డ్రైవరు లేని మెట్రో దాని ముందే ఆగుతుంది. అదే మెట్రో ఎక్కి ఊళ్లోకొస్తే ఎక్కడో ఒకచోట ‘అపోటెక్’ బోర్డు కనిపిస్తుంది. లోపలికెళ్లగానే బ్యాంకులోలాగా టోకెన్ తీసుకోవాలి. నంబరు వచ్చేదాకా కూర్చోవచ్చు. కౌంటర్లు దూరం దూరంగా ఉంటాయి, ఒకరి జబ్బు ఇంకొకరి చెవిన పడకుండా. చేతిలో చీటీ ఉండదు. డాక్టరు రాసిన మందు కంప్యూటర్లోకి ముందే వచ్చేసి ఉంటుంది. రోగి తన పసుపు రంగు ఆరోగ్య కార్డు చూపిస్తే చాలు. ఆ మనిషి వాడుతున్న మందులన్నీ డాక్టరుకు, ఆసుపత్రికి, షాపుకు ఒకే పట్టికలో కనిపించే ఏర్పాటు ఆ దేశంలో ఉంది. గుండె డాక్టరు రాసింది కీళ్ల డాక్టరుకు తెలియకపోవడం అక్కడ కష్టం.

కౌంటర్ దగ్గర ఫార్మసిస్టుతో పాటు ఫార్మకనమిస్ట్ అనే మరో ఉద్యోగి ఉంటారు. మూడేళ్ల శిక్షణ తీసుకుని వచ్చినవాళ్లు. ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడే రోగులొస్తే ఈ ఉద్యోగులు చేసే పని ఒకటుంది. మందు లేని నమూనా పరికరం చేతికిచ్చి, ‘మీరెలా పీలుస్తారో ఒకసారి చూపించండి’ అంటారు. రోగి చూపిస్తాడు. ఎక్కడ తప్పు జరుగుతోందో చూసి సరిదిద్దుతారు. మళ్లీ చేయిస్తారు. మొత్తం పది నిమిషాల పని. దీనికి ప్రభుత్వం షాపుకు డబ్బు చెల్లిస్తుంది. మందు అమ్మినందుకు కాదు, మాట్లాడినందుకు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వృత్తి మొత్తం దానిమీదే నిలబడి ఉంది.

ఇప్పుడు మన ఊరి షాపు చూద్దాం. ఆయాసంతో బాధపడే పెద్దావిడ చీటీ పట్టుకొస్తుంది. రోటాక్యాప్స్ డబ్బా, దాంతోపాటు ప్లాస్టిక్ రోటాహేలర్ కవర్లో పడతాయి. డబ్బులు తీసుకున్నాక ఆవిడ అడుగుతుంది.

“బాబూ, ఈ గొట్టాలు అన్నం ముందు వేసుకోవాలా, తర్వాతా?”

అడిగింది గనక బతికింది. అడగకుండా వెళ్లి నీళ్లతో మింగేసేవాళ్లు ఎందరో ఉన్నారు. చూడ్డానికి అది మామూలు క్యాప్సూల్‌లాగే ఉంటుంది మరి. మింగితే మందు చేరాల్సిన చోటికి చేరదు. ఆయాసం తగ్గదు. మందు పనిచేయట్లేదని డాక్టరు మోతాదు పెంచుతాడు.

“మింగకూడదు పెద్దమ్మా. ఇందులో పెట్టి, ఇలా తిప్పి, ముందు గాలి బయటికి వదిలేసి, అప్పుడు నోట్లో పెట్టుకుని గట్టిగా లోపలికి పీల్చాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.”

ఆ చివరి మాట చాలామంది చెప్పరు. స్టెరాయిడ్ ఉన్న మందు నోట్లో మిగిలిపోతే నాలుక మీద తెల్లటి పూత పడుతుంది. మంట పుట్టి, మందే మానేస్తారు. ఈ మాటలన్నీ చెప్పడానికి పట్టేది రెండు నిమిషాలు, చేయించి చూడటానికి ఇంకొంచెం. మన ఫార్మసిస్టుకు ఇది తెలియక కాదు. వెనక పదిమంది ‘త్వరగా ఇవ్వండి సార్’ అంటుంటే, చెప్పినందుకు ఎవరూ పైసా ఇవ్వరని తెలిసి, మెల్లగా ఆ అలవాటు పోతుంది. మందులు ఇచ్చేటప్పుడు రోగికి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. కాగితం మీద ఉన్నదాన్ని ఇంకో దేశంలో కళ్లారా జరుగుతుండగా చూస్తే, ఇది మన కౌంటర్లోనూ అయ్యే పనే అన్న ధైర్యం వస్తుంది.

బ్రిస్బేన్ వెళ్లినవాళ్లకు ఇంకో సంగతి తెలిసి ఉంటుంది. ఆ నగరం ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, ప్రత్యేక శిక్షణ తీసుకున్న ఫార్మసిస్టు మహిళలకు మూత్రంలో మంట పుట్టించే మామూలు ఇన్‌ఫెక్షన్‌కు డాక్టరు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు. 2020లో ప్రయోగంగా మొదలుపెట్టి తర్వాత శాశ్వతం చేశారు. మన దగ్గర చీటీ లేకుండా ఇవ్వడం మామూలే కదా, ఇందులో గొప్పేముంది అనుకోవచ్చు. తేడా అంతా ఇక్కడే ఉంది. అక్కడ ఎవరికి ఇవ్వాలో, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది. గర్భిణులా, జ్వరం ఉందా, నడుము నొప్పి ఉందా అని అడగాలి. అడిగింది, ఇచ్చింది నమోదు చేయాలి. మనకూ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు ఉంది. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చిందీ అందులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఎన్ని షాపుల్లో ఆ పుస్తకం ఏ రోజుకారోజు నిండుతుందో ఆ షాపుల వాళ్లకే తెలియాలి. అధికారం కావాలంటే ముందు లెక్క చూపాలన్నది బ్రిస్బేన్ పాఠం. దాన్ని మనవాళ్లు విని రావడమే కాదు, ఇక్కడి సంఘాల సమావేశాల్లో గట్టిగా చెప్పాలి.

వెళ్లే దారి

ప్రయాణం ఆరేడు నెలల ముందు మొదలవుతుంది, అదీ రెండు మూడొందల మాటల సారాంశంతో. చేసిన పని ఏమిటి, ఎలా చేశారు, ఏం తేలింది. దీన్నే అబ్‌స్ట్రాక్ట్ అంటారు. దీనికి పెద్ద ప్రయోగశాల ఉండాలని షాపు ఫార్మసిస్టులు భయపడతారు. అక్కర్లేదు. ఒక షాపుకొచ్చే ఇన్‌హేలర్ వాడకందారులను వరుసగా చూసి, ఎంతమంది ఏ మెట్టు దగ్గర తప్పు చేస్తున్నారో లెక్కగట్టినా అది పనికొచ్చే పరిశీలనే. దగ్గర్లోని కాలేజీలో ఫార్మ్‌డీ చదివే విద్యార్థులను తోడు తీసుకుంటే, రోగుల అనుమతి తీసుకోవడం, లెక్కలు వేయడం, నైతిక కమిటీ ఆమోదం లాంటివి వాళ్లకు తెలిసే ఉంటాయి. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ చదువు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విరివిగా ఉంది. కాలేజీకి రోగులు కావాలి, షాపుకు చదువు కావాలి. ఇద్దరూ ఒకే వీధిలో ఉండి మాట్లాడుకోకపోవడం బాధగా ఉంటుంది.

అబ్‌స్ట్రాక్ట్‌ను సదస్సు వాళ్లు ఆమోదించాక వీసా. డెన్మార్క్ లాంటి షెంగెన్ దేశాలకైతే ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. అందాకా ఆగితే నిద్ర పట్టదు. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల ఖర్చును భరించే ప్రయాణ ఆరోగ్య బీమా ఉండాలి. ఇక్కడ చాలామంది చిక్కుకునే మెలిక ఒకటుంది. వీసాకు ఆహ్వాన పత్రం కావాలి. ఆ పత్రం చాలా సదస్సులు నమోదు రుసుము కట్టాకే ఇస్తాయి. వీసా రాకపోతే కట్టిన రుసుములో ఎంత వెనక్కి వస్తుంది, ఏ తేదీ లోపు అడగాలి అన్నది కట్టకముందే చదవాలి. బ్యాంకు ఖాతా వివరాలు, షాపు లైసెన్సు, ఉద్యోగమైతే సెలవు మంజూరు కాగితం, తిరిగొచ్చే టికెట్... ఈ మనిషి వెళ్లి మళ్లీ వస్తాడన్న నమ్మకం కలిగించేవన్నీ పెట్టాలి.

ఇంకో పెద్ద జాగ్రత్త. మెయిల్లో ‘గౌరవనీయ డాక్టర్ గారూ, మా అంతర్జాతీయ సదస్సులో ముఖ్య వక్తగా రండి’ అని పిలుపు వస్తే పొంగిపోవద్దు. ప్యారిస్, దుబాయ్, సింగపూర్ పేర్లుంటాయి. తీరా వెళ్తే హోటల్లో చిన్న గది, ఇరవై కుర్చీలు, గుండె జబ్బుల వాళ్లూ వ్యవసాయం వాళ్లూ కలిపి ఒకే సభ. ఈ వ్యాపారానికి మన నగరం పేరు చెడ్డగా వినిపించడం మరీ నొప్పి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒమిక్స్ గ్రూప్‌పై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. ఒప్పుకోని పండితుల పేర్లను కూడా సదస్సుల ప్రకటనల్లో వాడుకుంటోందన్నది ఆరోపణల్లో ఒకటి. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. కాబట్టి సదస్సు ఎవరిదో చూడండి. ఆ దేశపు ఫార్మసిస్టుల సంఘం పేరుందా? గతేడాది ఎక్కడ జరిగింది, అప్పుడు ఎవరెవరు మాట్లాడారు? కార్యక్రమంలో పేరున్న వక్తకు ఒక మెయిల్ పెట్టి, ‘మీరు నిజంగా వస్తున్నారా’ అని అడిగినా తప్పులేదు.

చేసిన పనిని సదస్సులో చూపించే పోస్టరును ఇప్పుడు గుడ్డ మీద అచ్చు వేయిస్తే చీరలా మడిచి చేతి సంచిలో పెట్టుకోవచ్చు. గొట్టం మోయక్కర్లేదు, విమానంలో పోతుందన్న బెంగా ఉండదు. కొన్ని సదస్సుల్లో తెర మీదే చూపిస్తారు. ఏదైనా అక్షరాలు పెద్దవిగా, మాటలు తక్కువగా ఉండాలి. దాని పక్కన నిలబడే గంటే అసలు పరీక్ష. చాలామంది చూస్తూ దాటిపోతారు. ఎక్కడో ఒక నైజీరియా ఫార్మసిస్టో, ఫిలిప్పీన్స్ అమ్మాయో ఆగి, ‘మీ దగ్గర కూడా పరికరం మార్చేసి ఇస్తారా, అప్పుడు రోగికి మళ్లీ నేర్పుతారా?’ అని అడుగుతారు. వాళ్ల కష్టమూ మన కష్టమూ ఒకటే. ధనిక దేశాల ఉపన్యాసాల కంటే ఈ మాటలే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. ఇంగ్లిష్ గడగడా రాదని జంకక్కర్లేదు. అక్కడ సగం మందికి అది రెండో భాషే, మూడోదే.

మందుల మనిషి తన సంచిలోని మందుల విషయంలో ఏమరుపాటుగా ఉండటం తరచూ జరుగుతుంది. మందులు కంపెనీ స్ట్రిప్పుల్లోనే ఉండాలి, విడి మాత్రలుగా కాదు. ఇంగ్లిష్‌లో రాసిన డాక్టరు చీటీ తోడుండాలి. ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి. కింద సామాన్లలో గడ్డకడితే పనికిరాదు. ఇక్కడ నొప్పికీ దగ్గుకూ చీటీ మీద దొరికే ట్రమడాల్, కోడీన్ లాంటివి యూఏఈలో కఠిన నియంత్రణలో ఉన్నాయి. 2019లో ఎఫ్ఐపీ సదస్సు జరిగింది అక్కడి అబుదాబిలోనే. కోపెన్‌హేగన్‌కైనా మనవాళ్లు చాలామంది దుబాయ్, దోహా మీదుగానే వెళ్తారు. మనకు జ్వరం రాగానే గుర్తొచ్చే నిమెసులైడ్‌కైతే అమెరికాలో, బ్రిటన్‌లో అసలు అనుమతే లేదు. అక్కడ తలనొప్పికి ఎవరైనా అడిగితే మన స్ట్రిప్పు తీసివ్వకండి.

డబ్బు ఎవరిస్తారు?

విమానం, నాలుగు రాత్రుల బస, వందల యూరోల రుసుము కలిపితే యూరప్ ప్రయాణం రెండు లక్షల రూపాయలు దాటడం మామూలే. నెలకు వేలల్లో జీతం తీసుకునే షాపు ఫార్మసిస్టుకు ఇది అయ్యే పని కాదు. అధ్యాపకులకు, పరిశోధకులకు ఏఐసీటీఈ, ఐసీఎంఆర్ లాంటి సంస్థలు ప్రయాణ గ్రాంట్లు ఇస్తూ వచ్చాయి. కౌంటర్ మనిషి ఆ వరుసలోకి రాడు. మరోవైపు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణ లేకుండా చీటీ మందులు ఇవ్వకూడదని చట్టం. అంటే అతను వారం రోజులు వెళ్లాలంటే ఆ స్థానంలో ఇంకో ఫార్మసిస్టును పెట్టాలి. సర్టిఫికెట్ మాత్రం గోడకు వేలాడుతూ, మనిషి ఎక్కడో ఉండే షాపుల్లో ఈ చిక్కే రాదు. నిజాయతీగా నిలబడేవాడికే అడ్డంకి.

కంపెనీల డబ్బుతో వెళ్లమని మాత్రం అనను. 2024లో కేంద్రం తెచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళి, సదస్సులో మాట్లాడేవాళ్లకు తప్ప వైద్య వృత్తుల వాళ్లెవరికీ ప్రయాణ ఖర్చులు పెట్టొద్దని కంపెనీలకు చెప్పింది. మంచి నియమం. మందు కంపెనీ టికెట్ మీద వెళ్లినవాడు ఆ కంపెనీ పెట్టె పక్కకు పెట్టి ఇంకోటి సూచించడం కష్టం.

కాబట్టి డబ్బు ఈ వృత్తి సొంత జేబులోంచే రావాలి. మందుల వ్యాపారుల సంఘాలు జిల్లా జిల్లాకూ ఉన్నాయి, వార్షికోత్సవాలు ఘనంగా చేస్తాయి. రాష్ట్ర ఫార్మసీ కౌన్సిళ్లకు రిజిస్ట్రేషన్, రెన్యువల్ రుసుములు వస్తాయి. కాలేజీలకు ఫీజులున్నాయి. ఈ మూడూ కలిసి ఏడాదికి రాష్ట్రానికి నలుగురైదుగురిని పంపినా చాలు. ప్రొఫెసర్లను కాదు, కనీసం పదేళ్లు కౌంటర్ దగ్గర నిలబడిన వాళ్లను. సర్కారు ఆసుపత్రుల ఫార్మసీ ఆఫీసర్లకు అందులో ఒక చోటు తప్పనిసరిగా ఉండాలి. ఎంపికకు మార్కులు చూడొద్దు. వాళ్ల షాపుకొచ్చే రోగుల మీద వాళ్లే చేసిన ఒక చిన్న పరిశీలన అడగండి.

షరతు ఒకటే పెట్టాలి. తిరిగొచ్చిన నెలలోపు సొంత జిల్లాలో ఒక ఆదివారం మధ్యాహ్నం తోటి షాపుల వాళ్లను కూర్చోబెట్టి, చూసిన పద్ధతుల్లో ఒక్కటి చేసి చూపించాలి, ఫొటోలూ సన్మానాలూ లేకుండా. ఇన్‌హేలర్‌తో మొదలుపెడితే ఖర్చు కూడా ఉండదు. మందు లేని నమూనా పరికరాలు కంపెనీ ప్రతినిధులను అడిగితే దొరుకుతాయి. అన్ని కంపెనీలవీ తీసుకోవాలి, ఒక్కదానివి కాదు. ఒకరు పీల్చి చూపిస్తే పక్కవాళ్లు తప్పులు పట్టాలి. చాలామంది ఫార్మసిస్టులకే ఊపిరి ముందుగా వదలడం గుర్తుండదని అక్కడే బయటపడుతుంది.